ఆ చెయ్యి అసలుదా, ఉత్తుత్తిదా?

మెడను అటు ఒకసారి, ఇటు ఒకసారి తిప్పుతారు. టక్‌మని చప్పుడు. బల్ల మీద పడుకున్నాయన కళ్లు మూసుకుని ‘హమ్మయ్య’ అంటాడు. ముప్పై సెకన్ల రీల్. దాని కింద ‘అన్నా, అడ్రస్ ఎక్కడ?’ అని అడిగేవాళ్ల వరస. రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, రాత్రి ఫోన్‌లోకి వంగి వంగి మెడ పట్టేసినవాళ్లకి ఆ చప్పుడు వింటేనే సగం నొప్పి పోయినట్టు ఉంటుంది.

ఆ ‘సగం’ సంగతే ఈ వారం మాట్లాడుకుందాం.

చేత్తో నొక్కి, లాగి, తిప్పి చేసే వైద్యాలన్నిటినీ కలిపి మాన్యువల్ థెరపీ అంటారు. ఫిజియోథెరపిస్టులు చేసేదాంట్లో కొంత ఇదే. కైరోప్రాక్టర్లు, ఆస్టియోపాత్‌లు చేసేదీ ఇదే. పేర్లు వేరు, పనిముట్టు ఒకటే: చెయ్యి. ఇది నిజంగా పనిచేస్తుందా లేదా అని తేల్చాలంటే పరిశోధకులు ముందు ఒక చిక్కుముడి విప్పాలి. వైద్యం చేయించుకుంటున్న మనిషికి, తనకి అసలు వైద్యం చేశారో ఉత్తుత్తి వైద్యం చేశారో తెలియకూడదు. దీన్నే బ్లైండింగ్ అంటారు.

ఒంటి మీద చెయ్యి పడుతుంటే తెలియకుండా ఎలా ఉంటుంది? ఇది సాధ్యమేనా అని పరీక్షించడం కోసమే కొందరు ఏళ్ల తరబడి కష్టపడ్డారు. వాళ్లకి దొరికిన జవాబు మన నొప్పికీ, మన జేబుకీ కూడా సంబంధించినదే.

నడుం తొక్కే మనిషితో మొదలుపెడదాం

మన ఊళ్లలో ఒక నమ్మకం ఉంది. నడుం పట్టేస్తే, ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తొక్కించుకోవాలంటారు. అంటే పుట్టేటప్పుడు తల కాకుండా కాళ్లు ముందు వచ్చినవాళ్లు. మీ అమ్మమ్మనో నానమ్మనో అడిగి చూడండి, కథలు కథలుగా చెబుతారు.

ఈ నమ్మకాన్ని ఎలా పరీక్షిస్తాం? ఊహలో చేద్దాం. (ఊహలోనే. పట్టేసిన నడుం మీద మనిషి బరువు వేయడం మంచిది కాదు.) బోర్లా పడుకున్నవాళ్లకి వెనక ఎవరున్నారో కనిపించదు కదా. ఇద్దరిని పిలుద్దాం. ఒకరు ఎదురుకాళ్లతో పుట్టినవారు, ఇంకొకరు మామూలుగా పుట్టినవారు. ఇద్దరి బరువూ ఇంచుమించు ఒకటే. చీటీ తీస్తాం. ఎవరి పేరొస్తే వాళ్లు నోరు మెదపకుండా, ఒకేలా మూడుసార్లు తొక్కి పక్కకి తప్పుకుంటారు. ఇలా ఓ వందమందికి చేసి, నొప్పి ఎంత తగ్గిందో అడుగుతాం. రెండు గుంపులకీ ఒకేలా తగ్గితే, పుట్టుకలో మహిమేమీ లేదని తేలిపోయినట్టే.

చూశారా, ఇక్కడ బ్లైండింగ్ ఎంత తేలికో! కానీ ఒక్క క్షణం ఆగండి. మనం పరీక్షించింది తొక్కిన మనిషిని. తొక్కుడుని కాదు. రెండు గుంపుల్లోనూ తొక్కుడు ఉంది. ‘అసలు తొక్కితే నొప్పి పోతుందా?’ అన్న ప్రశ్న అక్కడే ఉండిపోయింది. దానికి జవాబు కావాలంటే ఒక గుంపుని నిజంగా తొక్కాలి. రెండో గుంపుని తొక్కకూడదు, కానీ తొక్కినట్టే అనిపించాలి.

అదెలా? మాన్యువల్ థెరపీ పరిశోధకుల తలనొప్పి మొత్తం ఈ ఒక్క ‘అదెలా’లోనే ఉంది.

మాత్రకి కుదిరింది, చేతికి కుదరదేం?

మందు మాత్రల విషయంలో పని సులువు. అసలు మందున్న మాత్ర ఒకటి, అదే రంగు, అదే సైజులో మందు లేని మాత్ర ఇంకొకటి. మందు లేనిదాన్ని ప్లాసిబో అంటారు. ఇచ్చే నర్సుకీ తెలియదు, మింగే మనిషికీ తెలియదు.

అంత సులువైన చోట కూడా గుట్టు బయటపడిన సందర్భాలున్నాయి. జలుబుకి విటమిన్ సి పనిచేస్తుందా అని అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో అక్కడి ఉద్యోగుల మీదే ఒక ట్రయల్ చేశారు. ఫలితాలు 1975లో వచ్చాయి. విటమిన్ సి పుల్లగా ఉంటుంది. ప్లాసిబో గొట్టాల్లో పెట్టింది లాక్టోజ్, అంటే పాలలో ఉండే చక్కెర. కొందరు ఊరుకోలేక గొట్టం విప్పి నాలుక మీద వేసుకుని చూశారు. ఇంకేముంది, ఎవరిది ఏదో తెలిసిపోయింది. చివర్లో లెక్కలు చూస్తే విటమిన్ సి వల్ల కనిపించిన కాస్త మేలు కూడా, గుట్టు తెలిసినవాళ్లని పక్కన పెట్టేసరికి నిలవలేదు. అంటే అక్కడ పనిచేసింది విటమినా, ‘నేను విటమిన్ తీసుకుంటున్నా’ అన్న నమ్మకమా?

ఆపరేషన్లలో కూడా ఈ పని చేశారు. హ్యూస్టన్‌లో మోకాలి కీళ్లు అరిగిన 180 మంది మీద చేసిన ట్రయల్ 2002లో అచ్చయింది. కొందరికి గొట్టం పెట్టి కీలు లోపల శుభ్రం చేశారు. కొందరికి మత్తిచ్చి, చర్మం మీద కోతలు మాత్రం పెట్టి కుట్టేశారు. రెండేళ్లు చూశారు. నిజంగా శుభ్రం చేయించుకున్నవాళ్లకి, ఉత్తి కోతలవాళ్లకంటే నొప్పి ఎక్కువ తగ్గిందేమీ లేదు.

ఆపరేషన్‌లో మత్తు ఉంటుంది కాబట్టి సరిపోయింది. మాత్రలో మందు లోపల దాక్కుంటుంది కాబట్టి సరిపోయింది. చేతి వైద్యంలో మనిషి మెలకువగా ఉంటాడు. ప్రతి నొక్కుడూ తెలుస్తుంది. పైగా చేసే మనిషికి తాను ఏం చేస్తున్నాడో తెలియకుండా ఉంచడం ఎలాగూ కుదరదు. మిగిలింది ఒక్కటే దారి: చేయించుకునేవాళ్లకి తెలియకుండా ఉండాలి. నొప్పి ఎంత తగ్గిందో లెక్క రాసుకునే మూడో మనిషికి కూడా తెలియకుండా ఉండాలి.

కళ్లకి గంతలు కట్టిన మొదటి రోజులు

సైన్సులో ఈ పద్ధతి మొదలైన తొలినాళ్ల కథల్లో ఒకటి చేతి మహిమ కథే కావడం విశేషం. 1784లో పారిస్‌లో ఫ్రాంజ్ మెస్మర్ అనే వైద్యుడి పేరు మారుమోగుతోంది. మనుషుల్లో ఒక అయస్కాంత శక్తి ఉందనీ, చేతుల కదలికలతో దాన్ని సరిచేసి రోగాలు పోగొడతాననీ ఆయన చెప్పేవాడు. రోగులు మూర్ఛలు పోయేవాళ్లు, కేకలు పెట్టేవాళ్లు, తేరుకున్నాక తగ్గిందనేవాళ్లు. రాజు 16వ లూయీ దీని సంగతి తేల్చమని ఒక కమిటీ వేశాడు. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉన్నాడు, రసాయన శాస్త్రవేత్త లవోసియే ఉన్నాడు.

పాసీలో ఫ్రాంక్లిన్ ఉంటున్న ఇంటి తోటలో ఒక పరీక్ష పెట్టారు. మెస్మర్ శిష్యుడు దెస్లోన్ ఒక ఆప్రికాట్ చెట్టుకి తన ‘శక్తి’ ఎక్కించాడు. పన్నెండేళ్ల కుర్రాడికి కళ్లకి గంతలు కట్టి ఒక్కో చెట్టు దగ్గరికీ తీసుకెళ్లి కౌగిలించుకోమన్నారు. మొదటి చెట్టు దగ్గరే చెమటలు పట్టాయి. నాలుగో చెట్టు దగ్గర స్పృహ తప్పి పడిపోయాడు. శక్తి ఎక్కించిన చెట్టు మాత్రం ఆ నాలుగింటిలో లేదు, ఇంకా దూరంగా ఉంది! దెస్లోన్ తడుముకోకుండా చెప్పిన మాట ఏంటంటే, బయట పెరిగే చెట్లన్నిటిలోనూ ఎంతోకొంత ఆ శక్తి ఉంటుందట.

ఆ కుర్రాడు నటించాడని ఎవరూ అనలేదు. చెమట నిజం, పడిపోవడం నిజం. కారణం మాత్రం చెట్టు కాదు, చెట్టు మీద నమ్మకం.

నార్వేలో అడిగిన ప్రశ్న

ఇప్పుడు మన కాలానికి వద్దాం. నార్వే రాజధాని ఓస్లో శివార్లలో ఆకెర్స్‌హుస్ యూనివర్సిటీ హాస్పిటల్ ఉంది. అక్కడి పరిశోధకులు మైగ్రేన్ తలనొప్పికి కైరోప్రాక్టర్ చేసే వెన్నుపూస వైద్యం పనికొస్తుందా అని ట్రయల్ పెట్టారు. మొత్తం 104 మంది. మూడు గుంపులు. ఒక గుంపుకి అసలు వైద్యం. ఒక గుంపుకి ఉత్తుత్తి వైద్యం. మూడో గుంపు తమ మామూలు మందులు వాడుకుంటూ ఉండాలి, అంతే.

ఉత్తుత్తి వైద్యం ఎలా చేశారో చూడండి. అదే గది, అదే బల్ల, అదే కైరోప్రాక్టర్, అన్నే సెషన్లు. చెయ్యి మాత్రం వెన్నుపూస మీద పడదు. భుజం రెక్క ఎముక అంచు మీదో, పిరుదు దగ్గరో మెల్లగా ఒక తోపు తోస్తారు. కీలు బిగిసే స్థితిలో పెట్టరు కాబట్టి టక్‌మని చప్పుడు రాదు. గత ఏడాదిలో ఇలాంటి వైద్యం చేయించుకున్నవాళ్లని ముందే పక్కన పెట్టారు. వాళ్లకి తేడా తెలిసిపోతుంది కదా.

అసలు విశేషం ఇక్కడుంది. మూడు నెలల్లో 12 సెషన్లు. ప్రతి సెషన్ అయ్యాక ఆ రెండు గుంపుల్లోని 70 మందినీ రెండు ప్రశ్నలు అడిగారు. ‘మీకు ఈరోజు అసలు వైద్యం అందిందనుకుంటున్నారా?’ ‘ఆ సంగతి మీకు ఎంత నమ్మకం, సున్నా నుంచి పది మధ్య చెప్పండి.’

2015లో జవాబులు ప్రకటించారు. పన్నెండు సెషన్లలో ప్రతిసారీ, రెండు గుంపుల్లోనూ 80 శాతానికి పైగా ‘నాకు అందింది అసలు వైద్యమే’ అన్నారు. రెక్క ఎముక మీద ఉత్తి తోపు అందుకున్నవాళ్లు కూడా! ఒకసారి కాదు, మూడు నెలల పాటు. చేతి వైద్యంలో బ్లైండింగ్ కుదరని పని అనుకున్నవాళ్లకి అది గట్టి జవాబు.

మరి తలనొప్పి సంగతి? అది 2017లో వచ్చింది. వైద్యం సాగిన మూడు నెలల్లో మూడు గుంపులకీ మైగ్రేన్ వచ్చే రోజులు తగ్గాయి. ఆ తర్వాత ఏడాది పాటు గమనిస్తే, మామూలు మందుల గుంపు మళ్లీ మొదటికి వచ్చింది. అసలు వైద్యం గుంపుకీ ఉత్తుత్తి గుంపుకీ మాత్రం తగ్గుదల అలాగే నిలిచింది. మైగ్రేన్ రోజుల లెక్కలో ఆ రెండింటి మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. వైద్యం వల్ల కనిపించిన మేలు బహుశా ప్లాసిబో ప్రభావమే అని పరిశోధకులే రాశారు.

ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఇది మైగ్రేన్ మీద, ఒకే కైరోప్రాక్టర్ చేతి మీదుగా జరిగిన స్టడీ. దీన్ని చూపించి మెడనొప్పికీ నడుంనొప్పికీ కూడా అంతే అనేయకూడదు. కానీ ఒక పద్ధతి దొరికింది. జనాన్ని అడిగి చూడొచ్చని తేలింది.

ఊహలకి మార్కులు వేయడం

‘అసలుదే అందింది’ అని అందరూ అంటే బ్లైండింగ్ బాగా జరిగినట్టా? అసలు గుంపువాళ్లు కరెక్టుగా చెప్పేసినట్టే కదా? ఈ అనుమానం మీకు వచ్చే ఉంటుంది. దీనికో చిన్న లెక్కుంది. హీజంగ్ బ్యాంగ్ అనే గణాంక శాస్త్రవేత్త 2004లో ఇచ్చిన పద్ధతి. బ్యాంగ్ ఇండెక్స్ అంటారు. ఐపీఎల్ నెట్ రన్‌రేట్ కంటే తేలిక, భయపడకండి.

ఉదాహరణకి రెండు గుంపులు, ఒక్కోదానిలో 50 మంది అనుకుందాం. ఒక్కో గుంపుకీ విడిగా లెక్క వేయాలి. కరెక్టుగా ఊహించినవాళ్ల సంఖ్యలోంచి తప్పుగా ఊహించినవాళ్లని తీసేసి, మొత్తం 50తో భాగించాలి.

అసలు గుంపులో 40 మంది ‘అసలుది’ అన్నారు, 10 మంది ‘ఉత్తుత్తిది’ అన్నారు. కరెక్టు 40, తప్పు 10. తేడా 30. స్కోరు 0.6.

ఉత్తుత్తి గుంపులో కూడా 40 మంది ‘అసలుదే’ అన్నారు, 10 మంది ‘ఉత్తుత్తిది’ అన్నారు. ఇక్కడ కరెక్టు 10, తప్పు 40. స్కోరు మైనస్ 0.6.

ఒకటి ప్లస్, ఒకటి అంతే మైనస్. అంటే ఎవరికీ ఏమీ తెలియదు, అందరూ మంచిదే అందిందని ఆశపడుతున్నారు. రెండు గుంపుల్లోనూ ఆశ సమానం. పోటీ న్యాయంగా ఉన్నట్టే.

ఇప్పుడు లెక్క మారుద్దాం. ఉత్తుత్తి గుంపులో 40 మంది ‘నాది ఉత్తుత్తిదే’ అని కనిపెట్టేశారనుకోండి. రెండు స్కోర్లూ ప్లస్ 0.6. గుట్టు లీకైపోయింది. ఇక ఆ స్టడీలో అసలు గుంపుకి నొప్పి ఎక్కువ తగ్గిందని చెప్పినా, అది చేతి గొప్పా, ‘నాకు అసలుది దక్కింది’ అన్న సంబరమా, ‘నాకు డూప్లికేట్ ఇచ్చారు’ అన్న నిరాశా? చెప్పలేం.

స్కోరు సున్నా దగ్గర ఉంటే బొమ్మాబొరుసూ వేసి ఊహించినట్టు. ఒకటి అయితే అందరికీ అంతా తెలిసిపోయినట్టు.

ఇంత తేలికైన ప్రశ్నని అందరూ అడుగుతూనే ఉంటారనుకుంటాం. 2007లో డెన్మార్క్ పరిశోధకులు, బ్లైండ్ చేశామని చెప్పుకున్న 1,599 ట్రయల్స్‌ని తీసి చూశారు. పాల్గొన్నవాళ్లనో, వైద్యం చేసినవాళ్లనో అడిగి, బ్లైండింగ్ నిలిచిందో లేదో పరీక్షించినట్టు రాసినవి 31. రెండు శాతం! మిగతావాళ్లు తలుపుకి తాళం వేశామని చెప్పారు కానీ ఒకసారి లాగి చూడలేదన్నమాట.

ఎప్పుడు అడగాలన్నదే పేచీ

అడగకపోవడానికి అందరిదీ బద్ధకమే కాదు. దీని వెనక నిజమైన వాదన ఒకటుంది. ఆధారాలతో కూడిన వైద్యం అన్న ఉద్యమానికి పెద్ద దిక్కయిన డేవిడ్ సాకెట్, ట్రయల్ చివర్లో ఈ ప్రశ్న అడగొద్దని 2004లో రాశాడు. ఎందుకంటే నొప్పి బాగా తగ్గినవాడు సహజంగా ఏమంటాడు? ‘నాకు అసలు వైద్యమే అంది ఉంటుంది’ అంటాడు. తగ్గనివాడు ‘నాది ఉత్తుత్తిదే అయ్యుంటుంది’ అంటాడు. అంటే నిజంగా పనిచేసే వైద్యం అయితే ఊహలు వాటంతటవే కరెక్టవుతాయి. గుట్టు లీకయినట్టు కనిపిస్తుంది కానీ అవ్వలేదు. మంచి వైద్యానికే చెడ్డ మార్కులు పడతాయి.

ట్రయల్స్‌ని ఎలా రాయాలో చెప్పే కన్సార్ట్ అనే నియమావళి కూడా ఈ విషయంలో మనసు మార్చుకుంది. 2001 నాటి కన్సార్ట్‌లో బ్లైండింగ్ ఎలా నిలిచిందో పరీక్షించి చెప్పమన్నారు. 2010 దాంట్లో ఆ మాట తీసేశారు.

చేతి వైద్యం దగ్గర మాత్రం ఈ ప్రశ్నని వదిలేస్తే నష్టం ఎక్కువ అనిపిస్తుంది. మాత్రలో గుట్టు దాచడానికి ఫ్యాక్టరీ ఉంది. ఇక్కడ గుట్టంతా ఒక మనిషి వేళ్ల చివర, మాట తీరులో ఉంటుంది. అది ఎప్పుడైనా జారిపోవచ్చు. దారి ఏంటంటే, చివర్లో కాకుండా మొదట్లోనే అడగడం. మొదటి సెషన్ అయిన వెంటనే అడిగితే, నొప్పి తగ్గిందా లేదా అన్నది ఇంకా తెలియదు కాబట్టి ఊహలో దాని ప్రభావం తక్కువ. దాంతోపాటు ‘ఎందుకలా అనుకుంటున్నారు?’ అని కూడా అడగాలి. ‘నొప్పి తగ్గింది కాబట్టి’ అంటే ఒక అర్థం. ‘చప్పుడు రాలేదు కాబట్టి’ అంటే ఇంకో అర్థం. రెండోదే అసలైన లీకు.

స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్‌లోని బాల్‌గ్రిస్ట్ యూనివర్సిటీ హాస్పిటల్‌లో అయితే ఏకంగా దీని కోసమే ఒక ట్రయల్ చేశారు. వెన్ను వైద్యం పనిచేస్తుందా అన్నది వాళ్ల ప్రధాన ప్రశ్నే కాదు. చేయించుకునేవాళ్లకీ, కొలతలు తీసుకునేవాళ్లకీ ఏది ఏదో తెలియకుండా ఉంచగలమా, ఎంతవరకు ఉంచగలం అన్నదే ప్రశ్న. పెద్ద ట్రయల్‌కి డబ్బు ఖర్చు పెట్టేముందు ఈ చిన్న పరీక్ష చేసుకోవడం తెలివైన పని.

అడకత్తెరలో పోకచెక్క

ఉత్తుత్తి వైద్యం తయారుచేయడంలో ఇంకో ఇబ్బంది ఉంది. అసలుదానికి మరీ దూరంగా ఉంటే జనం కనిపెట్టేస్తారు. మరీ దగ్గరగా ఉంటే అదీ కొంత వైద్యమే అయిపోతుంది. రెక్క ఎముక మీద తోపు నిజంగా ఏమీ చేయదా? ఒక మనిషి అరగంట మన మాట విని, మెల్లగా చెయ్యి వేస్తే ఆ స్పర్శకే ఒళ్లు తేలికపడదా? మాత్రలో మందు తీసేయొచ్చు. స్పర్శలోంచి స్పర్శని తీసేయడం ఎలా?

ఫ్రాన్స్‌లో నడుంనొప్పి ఉన్న 400 మంది మీద ఆస్టియోపతి ట్రయల్ చేశారు. ఫలితం 2021లో వచ్చింది. ఒక గుంపుకి అసలు వైద్యం, ఇంకో గుంపుకి ఉత్తి మెత్తని స్పర్శ. ఆరేసి సెషన్లు. మూడు నెలలకి, వంద మార్కుల స్కేలు మీద రెండు గుంపుల మధ్య తేడా 3.4. లెక్కల ప్రకారం తేడా ఉంది. కానీ వంగి చెప్పులు వేసుకునేటప్పుడు తెలిసేంత తేడా అది కాకపోవచ్చని పరిశోధకులే సందేహపడ్డారు. కొందరు దీన్ని ‘అసలు వైద్యం బలం అంతే’ అంటారు. ఇంకొందరు ‘ఆ స్పర్శ కూడా వైద్యమే, అందుకే తేడా చిన్నది’ అంటారు. ఇద్దరి మాటలోనూ పస ఉంది.

ఇప్పుడు ఇంకో కొత్త చిక్కు వచ్చిపడింది. అది మన చేతిలోనే ఉంది. రీల్స్! ఒకప్పుడు కైరోప్రాక్టర్ బల్ల ఎక్కనివాళ్లకి అక్కడ ఏం జరుగుతుందో తెలియదు. ఇప్పుడు బల్ల ఎక్కకపోయినా చప్పుడు ఎలా రావాలో అందరికీ తెలుసు. రాకపోతే ‘ఇది డూప్లికేటేమో’ అనిపిస్తుంది. నార్వేలోలా చప్పుడు లేకుండా నమ్మించడం ఇక మీద అంత తేలిక కాదు.

పైగా ఆ చప్పుడు, పక్కకి తప్పుకున్న ఎముక వచ్చి సర్దుకున్న చప్పుడు అనుకుంటారు చాలామంది. కాదు. కీలులో ఉండే ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే గ్యాస్ బుడగ ఏర్పడుతుంది. కెనడాలోని ఆల్బర్టా యూనివర్సిటీ పరిశోధకులు 2015లో వేలు లాగుతూ ఎంఆర్ఐలో దీన్ని కళ్లారా చూశారు. వేళ్లు విరుచుకునేటప్పుడు వచ్చే చప్పుడూ, రీల్‌లో వినపడే చప్పుడూ ఒక జాతివే.

మరి మన సంగతి?

‘ఇంతకీ వెళ్లమంటారా, వద్దంటారా?’ అని మీరు అడుగుతున్నారని తెలుసు. ఆ జవాబు మీ నొప్పి ఎక్కడుంది, ఎందుకొచ్చింది అన్నదాన్ని బట్టి డాక్టర్ చెప్పాలి. ఉత్తుత్తి వైద్యంతో తగ్గిన నొప్పి కూడా తగ్గినట్టే, అందులో అబద్ధం లేదు. కానీ ‘పది సెషన్ల ప్యాకేజీ, ఈఎంఐ సౌకర్యం కలదు’ అన్నప్పుడు మనం దేనికి డబ్బు కడుతున్నామో తెలుసుకునే హక్కు మనకుంది. వెన్నుపూస సర్దినందుకా? లేక ఓపిగ్గా విని చెయ్యి వేసినందుకా? రెండోదే అయితే అది ఇంకొంచెం తక్కువ డబ్బుకి, తక్కువ ప్రమాదంతో కూడా దొరకొచ్చు.

ప్రమాదం అన్నాం కదా, ఒక్క మాట. మెడని ఒక్కసారిగా విసురుగా తిప్పినప్పుడు మెదడుకి రక్తం తీసుకెళ్లే ధమని చీలి పక్షవాతం వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అరుదే. కానీ తల తిరగడం, చూపు మసకబారడం, చేతులు తిమ్మిరెక్కడం లాంటివి ఉంటే మెడ ఎవరి చేతికీ ఇవ్వకండి. ముందు డాక్టర్‌కి చూపించండి. సెలూన్‌లో తలకి మసాజ్ చేసి చివర్లో మెడ టక్‌మనిపించే అలవాటుకి కూడా ఇదే మాట వర్తిస్తుంది. ‘వద్దన్నా’ అని ముందే చెప్పేయండి.

ఎవరైనా ‘క్లినికల్‌గా ప్రూవ్ అయింది’ అంటే మాత్రం ఈ నాలుగు ప్రశ్నలు దగ్గర పెట్టుకోండి.

ఒకటి: దేంతో పోల్చారు? ఏ వైద్యమూ చేయని గుంపుతో పోలిస్తే దాదాపు ఏదైనా గెలుస్తుంది. ఉత్తుత్తి వైద్యంతో పోల్చారా?

రెండు: ఉత్తుత్తి గుంపుకి అంతే సమయం, అన్నే సెషన్లు, అంతే ఆదరణ దక్కాయా? అసలు గుంపుకి అరగంట, రెండోవాళ్లకి ఐదు నిమిషాలు అయితే ఆట మొదలవకముందే అయిపోయింది.

మూడు: ‘మీకు ఏది అందిందనుకుంటున్నారు?’ అని పాల్గొన్నవాళ్లని అడిగారా? ఎప్పుడు అడిగారు?

నాలుగు: నొప్పి ఎంత తగ్గిందో రాసుకున్నది వైద్యం చేసిన మనిషేనా, సంగతి తెలియని వేరే మనిషా?

ఇవి ఎక్కడ చూడాలంటారా? మన దేశంలో జరిగే ట్రయల్స్‌కి క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా అని ఒకటుంది. 2007లో మొదలైంది, ఐసీఎంఆర్ నడుపుతుంది. ఫోన్‌లో తెరిచి ఎవరైనా వెతుక్కోవచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. ఫిజియోథెరపీ, ఆయుర్వేద ట్రయల్స్ కూడా అందులో ఉంటాయి. ఒక్కో ట్రయల్ పేజీలో బ్లైండింగ్ అని ఒక గడి ఉంటుంది. ఎవరికి తెలియకుండా ఉంచారో, అసలు ఎవరికీ ఏదీ దాచలేదో అక్కడ రాసి ఉంటుంది. ఆ గడి చదవడానికి పది సెకన్లు పడుతుంది. మెడ టక్‌మన్న రీల్‌లో మూడో వంతు.